కోలుకున్నాకే ఆపరేషను

సీతారత్నం కుడి మోకాలికి ఆపరేషను తప్పదని చెప్పడానికి డాక్టరు హైమగారికి నాలుగు నిమిషాలు పట్టింది. అందులో మూడు నిమిషాలు ఎక్స్‌రే కవరులోంచి బయటికి రానని మొరాయించినందువల్ల పోయినవే.

"కీలు పూర్తిగా అరిగిపోయిందమ్మా. ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. కొత్త కీలు వేసేస్తే మూడు నెలల్లో హాయిగా నడుస్తారు. ఆలస్యం మాత్రం చెయ్యకండి. నేను దసరా దాకానే ఈ ఊళ్ళో ఉంటాను. నా తరవాత ఎవరొస్తారో, అసలు వస్తారో రారో నాకూ తెలీదు."

అప్పటికి ఉగాది వెళ్ళి పదిరోజులు. దసరాకి ఆరునెలలుంది. ఆరునెలల్లో ఒక్క మోకాలు బాగుచేసుకోలేమా అనుకుంది సీతారత్నం. నాలుగేళ్ళుగా మంచం నుంచి బీరువాకీ, బీరువా నుంచి ఫ్రిజ్జుకీ, ఫ్రిజ్జు నుంచి పొయ్యి గట్టుకీ చేతులు మార్చుకుంటూ వంటింట్లోకి చేరుతున్న మనిషి. రైతుబజారుకి వెళ్ళడం మానేసి ఏడాది దాటింది. భర్త వీర్రాజు మాస్టారు వెళ్ళి ముదిరిన బెండకాయలు ఏరి, గట్టిగా ఉన్నాయని మెచ్చుకుని మరీ తెస్తున్నారు. మోకాళ్ళ సంగతి ఆవిడకి బాగా తెలుసు. మండలి సంగతే ఇంకా తెలీదు.

మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు గనక ఆయన ఇంటిల్లిపాది కీళ్ళూ విశ్రాంత ఉపాధ్యాయ ఆరోగ్య మండలి అధీనంలో ఉన్నాయి. ఆ మండలి అధ్యక్షులవారు కిందటేడు ఏదో సదస్సుకి వెళ్ళి, మోకాలి ఆపరేషనులో సగం వైద్యం ఇంటి దగ్గరే జరుగుతుందని విని వచ్చారు. మాట మంచిదే. జారే కాళ్ళపట్టాలు తీసెయ్యడం, స్నానాలగదిలో పట్టుకోడానికి కమ్మీ వేయించడం, సాయానికో మనిషిని చూసుకోవడం ఎవరికైనా అవసరమే. కాని మండలి ఏ పనైనా పూర్తిగా చేస్తుంది. ఇంటి దగ్గర జరిగే సగం ముందుగా సంపూర్ణమైతేనే ఆసుపత్రిలో జరిగే సగానికి తేదీ ఇవ్వాలని తీర్మానించి, అరవైనాలుగు పేజీల 'గృహ సంసిద్ధతా నియమావళి' అచ్చువేయించింది. దాన్ని అమలు చెయ్యడానికి కోదండపాణి అనే అధికారిని నియమించి, ఆయన చేతికి ఒక టేపూ ఒక రసమట్టం ఇచ్చింది.

వైశాఖంలో ఒకనాడు ఉదయం కోదండపాణి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నమస్కారం. గృహ సంసిద్ధతాధికారిని. పరిశీలనార్థం విచ్చేశాను."

"రండి బాబూ, లోపలికి రండి," అంది సీతారత్నం.

"రాలేనమ్మా. అవరోధం ఉన్నది." ఆయన వంగి గడపకి టేపు పెట్టాడు. "మూడుంబావు అంగుళాలు. పదకొండవ నియమం ప్రకారం అర అంగుళం మించరాదు."

"అది గడప బాబూ."

"నియమావళిలో గడప అనే పదం లేదమ్మా. 'నడక మార్గమందలి ఎత్తైన అవరోధము' అని మాత్రమే ఉన్నది."

సీతారత్నం ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా శుక్రవారం శుక్రవారం ఆ అవరోధానికి పసుపు రాసి బొట్లు పెడుతోంది. ఆ సంగతి చెబితే ఆయన శ్రద్ధగా విని, 'అవరోధము పూజింపబడుచున్నది' అని రాసుకున్నాడు.

లోపలికి వచ్చాక రెండో సంగతి బయటపడింది. రోగి వంగకూడదు, చేతులు పైకి చాచకూడదు. అందుచేత రోగి ముట్టుకునే ప్రతి వస్తువూ ఆవిడ నడుం ఎత్తులో ఉండాలి. కోదండపాణి ఆవిడ నడుం ఎత్తుని గోడ మీద పెన్సిలుతో గుర్తుపెట్టి, ఇల్లంతా అదే ఎత్తున గీత లాగాడు.

"ఈ పటం ఎవరిది?"

"మా నాన్నగారిదండి," అన్నారు మాస్టారు.

"దండ ఎవరు వేస్తారు?"

"నేనే వేస్తాను," అంది సీతారత్నం.

"అయితే దించవలసి ఉంటుంది."

మామగారు దిగారు. అప్పట్నుంచీ ఇంటికి వచ్చినవాళ్ళ పొట్టలకేసే చూస్తున్నారు. దేవుళ్ళు భోజనాల బల్ల మీదికి, ఆవకాయ జాడీలు కిటికీ అరుగు మీదికి, గోడ గడియారం గ్యాసు బండ పక్కకి వచ్చాయి. ఫ్యానుకి దండ వేసే ఆచారం లేదు గనక అది పైనే ఉండిపోయింది.

సీతారత్నం నాలుగడుగుల పదకొండు అంగుళాల మనిషి. మాస్టారు దాదాపు ఆరడుగులు. ఆవిడ నడుం ఎత్తుకి అమరిన ఇంట్లో ఆయన పొద్దున్న గడియారం చూడ్డానికి వంగి, పేపరు తియ్యడానికి వంగి, దణ్ణం పెట్టుకోడానికి వంగి, వారం తిరక్కుండా నడుం పట్టేయించుకున్నారు. ఇంట్లో సాయం చెయ్యవలసిన మనిషి ఆయనే. కోదండపాణి తన పుస్తకంలో 'సంరక్షకుని నడుము పరిశీలనలో ఉన్నది' అని రాసుకున్నాడు.

వడ్రంగి వచ్చి గడప ఊడదీశాడు. తియ్యడానికి మనసొప్పక రెండుసార్లు టీ తాగొచ్చి మరీ తీశాడు. కోదండపాణి రెండోసారి వచ్చి మళ్ళీ బయటే ఆగిపోయాడు.

"ఇప్పుడేమైంది బాబూ? అవరోధం లేదుగా."

"లేదమ్మా. కాని పన్నెండవ నియమం ప్రకారం పరిశీలన గృహ సరిహద్దు నుండి ప్రారంభించాలి. సరిహద్దు కనబడుట లేదు. ఇల్లు ఎక్కడ మొదలవుతున్నదో నిర్ధారణ కాకుండా లోపలికి వచ్చానో రాలేదో ఎలా ధ్రువీకరించను?"

సీతారత్నం వాదించలేదు. పసుపు రంగు డబ్బా తెప్పించి, బ్రష్షుని చీపురుకర్రకి కట్టి, కుర్చీలో కూర్చునే గుమ్మానికి అడ్డంగా జానెడు వెడల్పున పట్టీ గీసింది. దాని మీద ఎర్రటి బొట్లు పెట్టింది.

"ఎత్తు ఎంత?" అన్నాడు కోదండపాణి.

"సున్నా."

ఆయన తన తృప్తి కోసం కొలుచుకుని, సున్నా అంగుళాలని రాసుకుని, పట్టీని దాటేటప్పుడు కాలు కాస్త ఎత్తి లోపలికి వచ్చాడు.

జ్యేష్ఠమాసంలో ఇల్లు పాసైంది. తరవాత మాస్టారి వంతు. సంరక్షక అర్హత పరీక్ష అని ఒకటుంది. వంద మార్కులు, రాతా చేతా రెండూను. ముప్ఫయిమూడేళ్ళపాటు పిల్లల పేపర్లు దిద్ది, అర మార్కు కోసం ఏడ్చినవాణ్ణి కూడా కనికరించని ఆయన, పెన్నులో సిరా నింపుకుని ఉత్సాహంగా కూర్చున్నారు.

ఏడో ప్రశ్న ఇలా ఉంది: 'నాకేమీ వద్దు, మీరు పడుకోండి అని రోగి అనినచో సంరక్షకుడు ఏమి చేయవలెను?'

మాస్టారు, 'పడుకోవలెను' అని రాశారు.

సరైన జవాబు వేరే ఉందట. మంచినీళ్ళు, మాత్ర, దిండు, కాఫీ, ఈ వరుసలో ఒక్కొక్కటే కావాలా అని అడగాలట. నలభయ్యేళ్ళ కాపురంలో ఈ ముక్క తను చెప్పలేకపోయింది, మండలి అచ్చువేయించింది అనుకుని సీతారత్నం మొదటిసారి నియమావళిని కాస్త గౌరవంగా చూసింది.

చేత పరీక్షలో మాస్టారు కాఫీ ఫిల్టరు కింది గిన్నెలో పొడి వేసి, పైగిన్నెలో నీళ్ళు పోసి, ఎప్పుడు దిగుతుందా అని ఎదురు చూశారు. మొత్తం మీద ఇరవైరెండు మార్కులొచ్చాయి. ఇది అన్యాయమని మళ్ళీ దిద్దించమంటే పంధొమ్మిది వచ్చాయి.

"నా పేపరు దిద్దినవాడికి లెక్కలు రావు," అన్నారు మాస్టారు.

"మీకు కాఫీ రాదు. రండి, నేర్పిస్తాను," అంది సీతారత్నం.

ఆపరేషనయ్యాక తను నిలబడకుండా ఉండడానికి, అయ్యేలోపల పదిరోజులు పొయ్యి దగ్గర నిలబడి నేర్పింది. సాయంత్రానికి మోకాలు కొబ్బరికాయంత వాచేది. ఆయన పప్పు మాడ్చి, చారు మరిగించి మరిగించి సగం చేసి, ఆషాఢంలో నలభయ్యొక్క మార్కులతో గట్టెక్కారు. ఆ మార్కుల కాగితానికి ప్లాస్టిక్కు తొడుగు వేయించి, నడుం ఎత్తున గోడకి అతికించారు.

ఇక తేదీ ఇవ్వడమే తరువాయి అని సీతారత్నం అనుకుంటున్న రోజుల్లో కోదండపాణి ఒక కర్రల స్టాండు, ఒక చుట్ట కట్టుగుడ్డ పట్టుకుని వచ్చాడు.

"ఆఖరి ఘట్టం అమ్మా. పూర్వాభ్యాస విశ్రాంతి. నలభైరెండు రోజులు. శస్త్రచికిత్స తరువాత ఎలా కోలుకుంటారో, ముందుగా కోలుకుని చూపించాలి."

"ఆపరేషను కాకుండా కోలుకోవడమేమిటి బాబూ?"

"అభ్యాసం. ఊళ్ళో అగ్నిమాపక దళంవారు నిప్పు అంటుకోకుండానే ఆర్పి చూపిస్తారు కదా."

"వాళ్ళు ఆర్పేశాక, నిప్పంటుకుంటే మళ్ళీ వస్తారు."

ఈ మాటకి నియమావళిలో జవాబు లేనందువల్ల కోదండపాణి వినలేదు. ఆవిడ మోకాలికి కట్టు కట్టి, మంచం మీద పడుకోబెట్టి, టైము చూసుకుని, "ప్రారంభం," అన్నాడు.

మొదటి మూడు రోజులు నేల మీద కాలు పెట్టకూడదు. నాలుగోరోజు స్టాండు పట్టుకుని పదడుగులు. రెండో వారం ముప్ఫై. వారం వారం కోదండపాణి వచ్చి మార్కులు వేసేవాడు. పక్కింటి అచ్చియ్యమ్మ యాపిల్ పళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చింది.

"ఎలా ఉంది వదినా? కుట్లెప్పుడు విప్పుతారంట?"

"వేశాక విప్పుతారు."

"అదేంటి, వెయ్యలేదా? మరి ఈ కట్టేంటి?"

"కట్టు ముందు, కుట్లు తరవాత. ఇప్పుడంతా ఇలాగేనట."

అచ్చియ్యమ్మ కాసేపు ఆలోచించి, కొత్త వైద్యం కాబోలనుకుని, తన భుజానికి కూడా ఇలాంటిదేమైనా ఉందేమో కనుక్కోమని చెప్పి వెళ్ళింది.

నాలుగోవారం చేతికర్ర. ఆరోవారం ఆఖరి పరీక్ష. ఏ ఆసరా లేకుండా వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా నడవాలి. పట్టికలో 'ముఖకవళిక' అనే గడి కూడా ఉంది. సీతారత్నం నడిచింది. అడుగడుక్కీ మోకాల్లో ఎవరో తాళం చెవి తిప్పుతున్నట్టుంది. ఇది నడిస్తే తేదీ వస్తుందన్న ఒక్క ఆశ మీద నడిచింది. పళ్ళ బిగువుకి పెదాలు పక్కలకి సాగిపోయాయి. కోదండపాణి ఆ గడిలో 'చిరునవ్వు' అని రాసి, వందకి తొంభయ్యారు వేసి, ధ్రువపత్రం మీద ముద్ర కొట్టాడు. మండలిలో ఇంతవరకూ ఎవరికీ అన్ని రాలేదట.

వినాయకచవితి వెళ్ళిన మర్నాడు భార్యాభర్తలిద్దరూ ఆటో కట్టించుకుని మండలి ఆసుపత్రికి వెళ్ళారు. దసరాకి ఇంకా నెల ఉంది. కౌంటర్లో అమ్మాయి పేరు కొట్టి చూసింది.

"ఆపరేషనుకి తేదీ రాయమ్మా," అన్నారు మాస్టారు.

"మేడం గారికి ఆపరేషనైపోయిందండి."

"ఎప్పుడు?"

"తేదీ లేదండి. కోలుకున్నట్టు మాత్రం ఉందండి. ఆయ్, తొంభయ్యారు మార్కులండి."

"ఎవరు చేశారమ్మా నాకు ఆపరేషను?" అంది సీతారత్నం.

"ఆ గడి ఖాళీగా ఉందండి. అయినా చెయ్యకుండా ఎవరైనా కోలుకుంటారాండి?"

కోదండపాణిని పిలిపించారు. ఆయన ఫైలు తిరగేసి, ముఖం గంభీరంగా పెట్టాడు.

"కోలుకొనుట అనునది శస్త్రచికిత్సానంతర దశ. తమరు ఆ దశను విజయవంతంగా పూర్తిచేశారు. పూర్తయిన దశ నుండి వెనుకటి దశకు మళ్ళించుటకు అవకాశం లేదు."

"మీరేగా అభ్యాసమన్నారు?"

"అభ్యాసమే. కాని తమరు మరీ బాగా చేశారు. ధ్రువపత్రాన్ని రద్దు చేయమని అర్జీ పెట్టుకోవచ్చును. సంఘం మార్చి నెలలో సమావేశమవుతుంది." కాస్త ఆగి, సంతోషంగా, "నియమావళి తరువాతి ముద్రణకు అట్ట మీద తమ ఫొటో వేయాలని అధ్యక్షులవారి అభిలాష," అన్నాడు.

ఇంటికొచ్చాక మాస్టారు కోర్టుకెళ్తానన్నారు. పేపర్లో వేయిస్తానన్నారు. ఆపైన ఏమనాలో తోచక, భార్య మొహం చూసి, "మంచినీళ్ళు కావాలా? మాత్రా? దిండా? కాఫీయా?" అన్నారు వరసగా.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వండి," అంది సీతారత్నం.

పెళ్ళికి ముందు ఆవిడ బి.ఏ.లో తర్కశాస్త్రం చదివింది. ఇన్నేళ్ళలో దానితో పనిపడలేదు. ఇంట్లో వాడితే గొడవలయ్యేవి. ఆ మధ్యాహ్నం మాస్టారు చారు మరిగిస్తుంటే ఆవిడ నియమావళిని మొదటి పేజీ నుంచి చదివింది. మండలి తనకి ఆపరేషను అవలేదని ఒప్పుకోదు. సరే, అయిందనే తనూ ఒప్పుకుంటే? అలా ఒప్పుకుని చూస్తే నలభైతొమ్మిదో నియమం కనిపించింది.

'కోలుకొనినట్లు ధ్రువీకరింపబడిన మోకాలియందు నొప్పి కొనసాగినచో దానిని విఫల శస్త్రచికిత్సగా భావించి, మండలి ప్రతిష్ఠ దృష్ట్యా ముప్పది దినములలోగా పునఃశస్త్రచికిత్స జరుపవలెను. గృహ సంసిద్ధత ఇదివరకే ధ్రువీకరింపబడినందున మరల అవసరము లేదు.'

మర్నాడు సీతారత్నం కోదండపాణి ఎదుట కూర్చుంది.

"బాబూ, మీరు చేసిన ఆపరేషను విఫలమైంది. నొప్పి తగ్గలేదు."

కోదండపాణి చేతిలో కలం ఆగిపోయింది. మండలికి అప్పటిదాకా నూటికి నూరు సఫలత ఉంది. అందరికన్నా ఎక్కువ మార్కులొచ్చిన మోకాలే ఇలా అంటే అట్ట మీద ఎవరి ఫొటో వెయ్యాలి? ఆయన గొంతు తగ్గించాడు.

"శస్త్రచికిత్సానంతర నొప్పి ఎంతకాలంగా ఉన్నదమ్మా?"

"నాలుగేళ్ళుగా."

ఆయన ఆ గడిలో రాస్తూ, "అనగా శస్త్రచికిత్సకు పూర్వమే శస్త్రచికిత్సానంతర నొప్పి ప్రారంభమైనది. తీవ్రమైన విషయమే," అన్నాడు.

"తీవ్రమైందే బాబూ. అందుకే వచ్చాను."

"ఈ సంగతి తమరు ఎవరితోనైనా ప్రస్తావించారా?"

"ఇంకా లేదు. ఇవాళ సాయంత్రం మావారి తోటి పంతుళ్ళంతా మా ఇంటికి టీకి వస్తున్నారు. అందరివీ మోకాళ్ళే."

అయిదోరోజుకి తేదీ వచ్చింది.

ఆపరేషను ముందురోజు డాక్టరు హైమగారు కొత్త ఎక్స్‌రేని లైటుపెట్టె మీద ఉంచి చాలాసేపు చూశారు. పాతదానికీ దీనికీ తేడా ఏమైనా ఉంటే అది ఇంకాస్త అరగడమే.

"ఇది రెండో ఆపరేషనని రాశారు. మొదటి కీలు ఏదమ్మా?"

"కాగితం మీద వేశారండి."

"ఎవరు?"

"ఆ గడి ఖాళీగా ఉందట."

డాక్టరు ఫైలు తిరగేశారు. కోలుకున్న పట్టిక దగ్గర, ముఖకవళిక గడి దగ్గర కాస్త ఆగారు. ఆవిడకి నవ్వొచ్చిందో కోపమొచ్చిందో సీతారత్నానికి తెలియలేదు. మొహానికి మాస్కుంది.

"ఈ కాలితో ఆసరా లేకుండా నడిపించారా మిమ్మల్ని?"

"నడిచానండి. తేదీ ఇస్తారన్నారు."

డాక్టరు ఆవిడ మోకాలి మీద అరచెయ్యి వేసి ఒక్క క్షణం అలాగే ఉంచి, కలం తీసి ఫైల్లో ఒక వాక్యం రాశారు. 'మునుపటి కీలు కనిపించలేదు. కొత్తది వేయవలెను.' అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

దసరాకి పన్నెండు రోజుల ముందు సీతారత్నానికి మోకాలి కీలు మొదటిసారి, మండలి లెక్కలో రెండోసారి, మార్చారు. ఈసారి కుట్లు నిజంగానే పడ్డాయి, నొప్పీ నిజంగానే పెట్టింది. ఇంటికొచ్చాక ఆవిడ ఒక సంగతి ఒప్పుకోవలసి వచ్చింది. స్నానాలగదిలో వేయించిన కమ్మీ ఎంత పనికొచ్చిందో చెప్పలేం. చెయ్యి చాచకుండా గ్లాసు అందింది, వంగకుండా గిన్నె అందింది. మాస్టారి కాఫీ మూడోనాటికి తాగడానికి వీలుగా, పదోనాటికి అడిగి తాగడానికి వీలుగా తయారైంది. ఇదంతా ఆపరేషను తరవాత జరిగితే ఎంత బాగుంటుందో మండలికి కూడా తెలిస్తే బాగుండుననుకుంది.

దసరా వెళ్ళిన వారానికి, ఆవిడ స్టాండు పట్టుకుని హాల్లో నడుస్తూ ఉంటే వీధి గుమ్మంలో కోదండపాణి కనిపించాడు. చేతిలో టేపు లేదు. ఎర్రటి అట్టల ఫైలుంది. మనిషి కాస్త చిక్కాడు.

"నమస్కారమమ్మా. విచారణ నిమిత్తం వచ్చాను."

"కోలుకోవడం గురించా?"

"కాదమ్మా. డాక్టరుగారు మునుపటి కీలు కనిపించలేదని వ్రాశారు. మొదటి శస్త్రచికిత్సలో అమర్చిన మోకాలి కీలు ఒకటి కనబడకుండా పోయినట్టు నమోదైంది. అధ్యక్షులవారు త్రిసభ్య సంఘాన్ని వేశారు. ముగ్గురూ నన్నే వెళ్ళమన్నారు." ఆయన జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. "తమరు రోగి గనక తమ అధీనంలో ఉండగా పోయిందని ఒక అభిప్రాయం. మంచం కింద, బీరువా వెనుక, ఎక్కడైనా జారిపడిందేమో ఒకసారి చూడవచ్చునా?"

మాస్టారు పేపరు మడిచి ఏదో అనబోయారు. సీతారత్నం చెయ్యెత్తి ఆపింది. ఆ చెయ్యి స్టాండు మీంచి తీసినా తను పడలేదని అప్పుడు గమనించింది. రెండో చెయ్యి కూడా తీసి చూసింది. కాలు నిలబడింది.

"మొదటి కీలు మీరు నాకు వెయ్యలేదు బాబూ," అంది నెమ్మదిగా. "మీ ఫైల్లో వేశారు. అందులోనే ఎక్కడో ఉంటుంది, పేజీ పేజీ తిరగెయ్యండి."

కోదండపాణి ఒక్క క్షణం ఆలోచించాడు. అది తర్కానికి నిలిచే మాటలాగే తోచింది. ఫైలు తెరిచి, గుమ్మంలో నిలబడే మొదటి పేజీ నుంచి శ్రద్ధగా వెతకడం మొదలుపెట్టాడు.

"ఆ వెతికేదేదో కాస్త పక్కకి జరిగి వెతుక్కోండి," అంది సీతారత్నం. "నాకింకా ఇరవై అడుగులున్నాయి."